పాత డిస్కులో ఉన్నవి

విజయవాడ, చిట్టినగర్
18-1-2007

తమ్ముడు ఆసిమ్‌కి అక్క అఫ్సానా సలాం.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. బందరులో అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయట. బెంగళూరు చలికి నువ్వు స్వెట్టరు వేసుకుంటున్నావో, బీరువాలో దాచుకున్నావో రాయి.

మన కంప్యూటర్ ఇక పనికొచ్చేలా లేదు. ఆన్ చేసి అన్నం వార్చి వచ్చినా తెర మీద ఇంకా ఆ గడియారం బొమ్మే తిరుగుతూ ఉంటుంది. నాలుగు లైన్లు టైపు చేస్తే బిగుసుకుపోతుంది. టైపింగ్ కోసం వచ్చేవాళ్లు కూర్చుని కూర్చుని, రేపొస్తామని లేచిపోతున్నారు. దీనికి వైరసు పట్టిందని ఒకరు, కొత్తది కొనుక్కోమని ఒకరు. నువ్వు వచ్చినప్పుడు లినక్స్ అని ఏదో చెప్పావు కదా, పాత మిషన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుందని. అది ఎలా వేయాలో ఉత్తరంలోనే రాయి. ఫోన్లో చెబితే నాకు ఎక్కదు. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ చదువుకుంటూ చేస్తాను.

మొన్న జైతూన్ బీ అర్జీ టైపు చేస్తుంటే మూడుసార్లు ఆగిపోయింది. ఆవిడ ముందే సగం చచ్చి ఉంది, నా మిషన్ మిగతా సగం చంపింది. డిసెంబరులో హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు కాలువలో పడి పదకొండు మంది పోయారు, పేపర్లో చూసే ఉంటావు. దాని డ్రైవరు ఈవిడ భర్త, మన వెనక వీధి మదార్ సాహెబే. కాలు విరిగి బతికాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. బస్సు వెనక అత్యవసరంగా దిగే తలుపు ఉందట, దానికి ఈయన గడియ వేసి అడ్డంగా సామాను పెట్టించాడని కేసు. ఆ బస్సుకి అసలు అలాంటి తలుపే లేదని ఈయన నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. జనాన్ని బయటికి లాగడానికి వెనక భాగమంతా గ్యాస్ కట్టరుతో కోసేశారు. ఇక ఉందో లేదో చూపించడానికి ఏం మిగిలింది?

ఆ బస్సుకి బాడీ కట్టింది ఆటోనగర్‌లో మీ బావ ఫోర్‌మన్‌గా ఉన్న షెడ్డులోనే. అప్పటినుంచీ ఆయన ఇంట్లో మాట్లాడడం తగ్గించేశాడు. షెడ్డుకి చెడ్డపేరు వస్తుందని బెంగ కాబోలు. షహనాజ్ మాత్రం రోజూ మామయ్య ఎప్పుడొస్తాడని అడుగుతోంది.

ఉంటాను,
నీ అక్క


బెంగళూరు
26-1-2007

అక్కకి ఆసిమ్ సలాం.

స్వెట్టరు వేసుకుంటున్నాను. మా మెస్సులో సాంబారులో బెల్లం వేస్తున్నారు. అంతకు మించి ఇక్కడ నాకు కష్టాలు లేవు.

ఇందులో ఒక సీడీ పెట్టాను. జుబుంటు అని, లినక్స్‌లో తేలిక రకం. తెర మీద ఒక ఎలుక బొమ్మ కనిపిస్తుంది, షహనాజ్‌కి నచ్చుతుంది. దూదిలో చుట్టినది ర్యామ్ ముక్క, మిషన్‌కి వేగం పెంచేది, మా ఆఫీసులో తీసేసిన మిషన్‌లోది. బావకి ఇవ్వు, పక్కనున్న రెండు క్లిప్పులు వెనక్కి తోసి గట్టిగా నొక్కితే కూర్చుంటుంది. ముందు కంప్యూటర్ ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకోమను, ఒంట్లో ఉన్న కాస్త కరెంటు దానికి పోతుంది.

ఇక పద్ధతి. మిషన్ ఆన్ అవుతూనే డిలీట్ మీట నొక్కుతూ ఉండు. నీలం తెర వస్తుంది. బూట్ అన్నచోట మొదటిది సీడీ అని మార్చి, ఎఫ్ 10 నొక్కు. ఆ తర్వాత అంతా సీడీ నుంచే నడుస్తుంది. నెమ్మదిగా ఉన్నా కంగారు పడకు. అప్పటికి నీ పాత డిస్కులో ఒక్క అక్షరం కూడా మారదు. పాత ఫైళ్లన్నీ తెరిచి చూసుకోవచ్చు, విండోస్ లేవకపోయినా సరే. నాలుగు రోజులు అలా వాడి చూడు. నచ్చితేనే తెర మీద ఇన్‌స్టాల్ అన్న బొమ్మ నొక్కు.

అక్కడ ఒక్క జాగ్రత్త. మధ్యలో డిస్కు సంగతి అడుగుతుంది. ‘ఎరేజ్ ఎంటైర్ డిస్క్’ అన్న లైను ఎంచుకున్నావంటే పాతవన్నీ పోయినట్టే. కావలసినవి ముందే ఫ్లాపీల్లోకి తీసుకో. ఆ లైను దగ్గరికి వచ్చాక చెయ్యి ఆపి, ఒకసారి బావని కూడా అడుగు. ఆయన షెడ్డు కాగితాలు ఏమైనా ఉన్నాయేమో.

తెలుగు ఫాంటు వేరే ఫ్లాపీలో పెట్టాను. అది వేయకపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కపక్కన నిలబడతాయి.

నీ తమ్ముడు


విజయవాడ
4-2-2007

తమ్ముడికి,

నువ్వు రాసినట్టే చేశాను. డిలీట్ మీట రెండుసార్లు ఆలస్యంగా నొక్కి, మూడోసారికి దొరికించుకున్నాను. ఎలుక వచ్చింది! షహనాజ్ గెంతింది. అక్షరం నొక్కితే అక్షరం పడుతోంది, నేను మరిచేపోయాను ఆ సుఖం. అర్జీ మొత్తం ఒక్కసారి కూడా ఆగకుండా టైపు చేశాను. ప్రింటరు మాత్రం కదలనంటోంది. నువ్వొచ్చినప్పుడు చూద్దువుగాని.

పాత డిస్కు కూడా తెరుచుకుంది. విండోస్‌లో నాకెప్పుడూ కనబడని ఫోల్డర్లు కనిపించాయి. మీ బావవి, షెడ్డు పేరుతో. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయనతో అదే అన్నాను, నీ ఫైళ్లు కూడా ఉన్నాయి, ఫ్లాపీలోకి తీయాలా అని. ముద్ద కంచంలో పెట్టేసి, “ఎవరు తెరవమన్నారు?” అన్నాడు. పేర్లు చూశానంతే, తెరవలేదన్నాను. చెయ్యి కడుక్కుని ఆ కంప్యూటర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నీకు రాస్తున్న ఈ ఉత్తరం అడిగి తీసుకున్నాడు. కొత్తదంటే ఆయనకీ సరదా పుట్టినట్టుంది. కింద ఆయనే రాస్తున్నాడు.

ఆసిమ్, నీ సీడీ బాగుంది. పాతవేవీ అక్కర్లేదు. డిస్కు మొత్తం చెరిపి కొత్తగా వేసే పద్ధతి నాకు విడిగా రాసి పంపు. చెరిపాక ఎంత తెలిసినవాడైనా మళ్లీ పైకి తీయలేనట్టు ఉండాలి. తొందరగా పంపు. – అఫ్రాజ్


బెంగళూరు
11-2-2007

అక్కా, బావా,

బావ నా చేత పని చెప్పించుకోవడం ఇదే మొదటిసారి. పెళ్లిలో నా సైకిలు చైను వేసి పెట్టిన రుణం ఇలా తీరుతోంది.

బావా, విడి కాగితం మీద ఒక కమాండు రాశాను. సీడీతో ఎక్కి, టెర్మినల్ అన్నది తెరిచి, అక్షరం తప్పు పోకుండా కొట్టండి. డిస్కు మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాసుకుంటూ పోతుంది. గంట పట్టొచ్చు. తెర మీద ఏమీ కనిపించదు, చుక్క ఒక్కటి కొట్టుకుంటూ ఉంటుంది, పాడైందనుకోవద్దు. అయ్యాక ఇన్‌స్టాల్ నొక్కి మామూలుగా వేసేయండి. ఆ తర్వాత అందులోంచి ఏదైనా పైకి తీయడం నా వల్ల కాదు, మా మేనేజరు వల్లా కాదు. ఏం రహస్యాలు దాచారో గానీ, అక్కకి దొరకవులెండి!

అక్కా, ప్రింటరు మోడలు నంబరు రాయి.

ఆసిమ్


విజయవాడ
13-2-2007

ఆసిమ్,

ఈ ఉత్తరానికి జవాబు ఇంటి అడ్రసుకి రాయకు. పక్కింటి అమలమ్మగారి పేరు మీద రాయి. ఆవిడకి చెప్పి ఉంచాను.

నిన్న సోమవారం మీ బావ షెడ్డుకి వెళుతూ కంప్యూటర్ కరెంటు తీగ పీకి సంచిలో వేసుకుని వెళ్లాడు. ఎందుకంటే, షాకు కొడుతోందన్నాడు. పన్నెండేళ్లలో ఆయన నాతో అబద్ధం చెప్పగా నేను చూడలేదు. అందుకే ఆయనకది చేతకాలేదు, గోడ వైపు చూస్తూ చెప్పాడు. ప్రింటరు తీగ తీసి పెట్టి చూశాను. సరిపోయింది.

నీ సీడీ వేసి ఆ ఫోల్డరు తెరిచాను.

ఏడు ఫొటోలు ఉన్నాయి. షెడ్డు కెమెరాతో తీసినవి. మొదటి రెండింట్లో ఒక బస్సు వెనక భాగం, ఎర్ర అక్షరాలతో తలుపు, పక్కన బ్రేకు ఇనస్పెక్టరు చూసి వెళ్లినట్టు సుద్దతో గుర్తు. తర్వాతి వాటిల్లో అదే తలుపుకి లోపలినుంచి ఇనపరేకు వేసి చుట్టూ వెల్డింగ్ పెట్టి ఉంది. రేకు ముందు రెండు సీట్లు బిగించారు. చివరి ఫొటోలో బయటినుంచి రంగు కూడా వేసేశారు. ఇక తలుపు ఉన్నట్టే తెలియదు. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. జైతూన్ బీ అర్జీల్లో ఆ నంబరు నేను ఎన్నిసార్లు కొట్టానో! చూడకుండా చెప్పగలను.

ఫొటోల పక్కనే ఒక ఉత్తరం ఉంది. షెడ్డు ఓనరుకి మీ బావ రాసింది. ‘తలుపు మూయడం తప్పండీ, రేపు ఏదైనా అయితే లోపలివాళ్లు బయటికి రాలేరు, ఈ పని నాతో చేయించకండి’ అని. నవంబరు తొమ్మిదో తారీకు. ఫొటోల మీద పన్నెండో తారీకు. వద్దని బతిమాలినవాడే మూడో రోజుకి వెల్డింగు చేశాడు. ఇందులో ఏది మా ఆయన, ఆసిమ్?

బస్సు ఎడమ పక్కకి ఒరిగిందట. ముందు తలుపు నీళ్లలోకి పోయింది. వాళ్లందరూ వెనక్కే పాకి ఉంటారు.

వీటిని ఏం చెయ్యాలో వెంటనే రాయి. ఆయన నీ ఉత్తరం కోసం రోజూ పోస్టుమాన్‌కి ఎదురు వెళుతున్నాడు.

అక్క


బెంగళూరు
19-2-2007

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను బావకి రాసింది ఈపాటికి అందే ఉంటుంది. అది రాసేటప్పుడు నాకేం తెలియదు, జోకులు కూడా వేశాను.

కానీ ఆలోచించి చెబుతున్నాను. ఏం చెయ్యాలని అడిగావు కదా. బావ చెయ్యబోయేదే చెయ్యనియ్యి. ఆ కమాండు పూర్తిగా అయ్యేదాకా ఆపకండి, సగంలో ఆపితే మిగతా సగం ఉండిపోతుంది. ఫ్లాపీల్లోకి ఏదైనా తీసి ఉంటే పైరేకు విరిచి, లోపలి నల్ల పొర కత్తెరతో కోసి పారెయ్యి. పోయినవాళ్లు ఎలాగూ రారు. బావ జైలుకి వెళితే నువ్వేం చేస్తావు, షహనాజ్ గతేమిటి? మదార్ సాహెబ్‌కి లాయరు ఉంది కదా, వాళ్లు చూసుకుంటారు. ఆ ఓనర్లు ఎలాంటివాళ్లో నీకు తెలియదు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

ఆసిమ్


విజయవాడ
26-2-2007

ఆసిమ్,

నేను అడిగింది ఎలా చెరపాలని కాదు.

నీ ఉత్తరం చింపలేదు. నువ్వు ఎప్పుడైనా పెద్దవాడివై నీ పిల్లలకి బుద్ధులు చెప్పేటప్పుడు చూపించడానికి దాచాను. కోపంతో రాస్తున్నాను, ఏమనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

పద్దెనిమిదో తారీకు ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మీ బావ తీగ తెచ్చి పెట్టి నీ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. వెల్డింగ్ చేసిన వేళ్లు కదా, ఒక్కొక్క మీటా వెతుక్కుని నొక్కాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు రాసినట్టే నల్ల తెర మీద చుక్క ఒక్కటి కొట్టుకుంది. లోపల డిస్కు మాత్రం పంటి కింద ఇసక నలిగినట్టు ఒకటే శబ్దం. గంటా పది నిమిషాలు. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన వీపుని చూస్తూ నిలబడ్డాను. ఆగిపోయాక, “అయిపోయింది,” అన్నాడు. తర్వాత ఎలుకని ఎక్కించాడు. తెర మీద నీలంగా, తేటగా, ఇల్లు అలికినట్టు వచ్చింది. ఆయన వెళ్లి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మంగళవారం షెడ్డు మేనేజరు సాయిగణేష్ మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, “అమ్మా, ఈ కంప్యూటరేనా అఫ్రాజ్ గారు చెప్పింది? కొత్త సిస్టమ్ వేయించారటగా, బాగుందమ్మా,” అన్నాడు. నా కుర్చీలో కూర్చుని ఒక్కో ఫోల్డరూ తెరిచి చూశాడు. ఏమీ లేవు. “మీ తమ్ముడు గారు బెంగళూరులో ఏ కంపెనీ?” అని అడిగాడు. నాకు సరిగ్గా తెలియదండీ అన్నాను. టేబులు మీద నీ కవరు ఉంది. దాన్ని తిప్పి వెనకాల అడ్రసు చదివి, మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టాడు.

ఆయనకి తెలియనిది ఒకటుంది, మీ బావకీ తెలియదు. నీకు పదమూడో తారీకు ఉత్తరం రాసిన రోజునే ఫ్లాపీలో పట్టిన నాలుగు ఫొటోలు, ఆ ఉత్తరం రెండు ఫ్లాపీల్లోకీ ఒకేలా తీశాను. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది ఇందులో పెట్టాను. ఇక్కడ ప్రింటరు కదలదు, బయట షాపుకి పట్టుకెళ్లే ధైర్యం లేదు. నువ్వు ప్రింటు తీయించు. కత్తెర తీసుకోకు.

అక్క


బెంగళూరు
5-3-2007

అక్కా,

నువ్వు కొట్టిన దెబ్బ తగిలింది. తగలాల్సిందే. ఆ ఉత్తరంలో నేను రాసిందంతా భయం, అంతే. పదకొండు మంది గురించి ఒక్క ముక్క రాశాను, ఎలాగూ రారని. నన్ను క్షమించు.

ఫ్లాపీ దారిలో నలిగింది. ఒక ఫొటో సగం వరకే తెరుచుకుంది, కింద సగం బూడిదరంగు. మిగతా మూడూ, ఉత్తరమూ బాగున్నాయి. రెండేసి ప్రింట్లు తీసి, ఒక వరస ఇందులో పెట్టాను. సీడీలోకి కూడా ఎక్కించి, దాన్ని నా స్నేహితుడి దగ్గర ఉంచాను.

మదార్ సాహెబ్ లాయరు సింధూరి గారికి పంపుదామని కవరు మీద అడ్రసు కూడా రాసి, ఆగాను. ఇక్కడ తెలిసిన లాయర్ని పేర్లు చెప్పకుండా అడిగాను. “ఫొటో ఎవరైనా తయారు చేయొచ్చంటారు. అసలు డిస్కు లేదు. ఆ ఫొటో తీసినవాడు వచ్చి, తీసింది నేనే అని చెబితేనే దానికి విలువ,” అన్నాడు. అసలు డిస్కు లేకుండా చేసింది నా కాగితమే.

అంటే ఇక మిగిలింది బావ ఒక్కడే. ఆయన్ని అడగకుండా నేను పంపలేను, పంపినా ప్రయోజనం లేదు. నువ్వే మాట్లాడాలి. నిన్న ఎవరో మా ఆఫీసుకి ఫోన్ చేసి, ఆసిమ్ అనే ఆయన ఏ షిఫ్టులో వస్తాడని అడిగారట. తెలుగులో అడిగారట.

ఆసిమ్


విజయవాడ
22-3-2007

తమ్ముడికి,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. వరసగా చెబుతాను.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు నోరు తెరవలేకపోయాను. తొమ్మిదో తారీకు శుక్రవారం, జుమ్మా నమాజు చేసుకుని మీ బావ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. అప్పుడే జైతూన్ బీ ఇంకో అర్జీ పట్టుకుని వచ్చింది. మామూలుగా ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆ రోజు ఆవిడే గుమ్మంలో నిలబడిపోయింది.

“అఫ్రాజ్, నువ్వు ఆ షెడ్డులోనేగా చేసేది. ఇన్నాళ్లూ అడగడానికి మొహమాటపడ్డాను. ఆ బండికి తలుపుందా, లేదా? ఒక్క మాట చెప్పు. ఉందని నువ్వంటే, మా ఆయనే తప్పు చేశాడనుకుని ఇక ఎవరి దగ్గరికీ తిరగను. ఆయన ముందు కూడా ఈ మాట ఎత్తను.”

ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. చెప్పమనలేదు, వద్దనలేదు.

“లేదు వదినా,” అన్నాడు. “నేనే మూశాను.”

జైతూన్ బీ గోడ పట్టుకుని కింద కూర్చుని, “నువ్వా?” అంది. మళ్లీ కాసేపటికి, “నువ్వా?” అంది. ఆయన ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. ఉత్తరం తనే తీసుకెళ్లి ఓనరు చేతిలో పెట్టాడట. ఓనరు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, “సరే, రేపట్నుంచి రాకు. ఆ పని ఇంకోడు చేస్తాడు,” అన్నాడట. రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా బస్టాండులో కూర్చుని, మూడో రోజు వెళ్లి తనే వెల్డింగు పెట్టాడు. ఎలాగూ ఎవరో ఒకరు మూస్తారనుకున్నాడట. ఫొటోలు మాత్రం తీసి ఉంచాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదట.

ఆవిడ వెళ్లాక, “చెరిపేశాను అఫ్సానా, ఇప్పుడు నేను చెప్పినా ఎవరు నమ్ముతారు?” అన్నాడు. అప్పుడు చెప్పాను, ఫొటోలు నా దగ్గరా ఉన్నాయి, తమ్ముడి దగ్గరా ఉన్నాయని. కొడతాడేమో అనుకున్నాను, నిజం. తల వంచుకుని, “ఎప్పుడు తీశావు?” అన్నాడు. పదమూడో తారీకు అన్నాను. “అయితే నేను ఆ కమాండు కొడుతున్నప్పుడు నీకు తెలుసు,” అన్నాడు. తెలుసన్నాను.

సోమవారం ఆయనే సింధూరి గారి ఆఫీసుకి వెళ్లాడు. నువ్వు పంపిన ప్రింట్ల మీద ఒక్కోదాని వెనక సంతకం పెట్టాడు. అదే వారం మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. అక్కడినుంచే రిమాండుకి తీసుకెళ్లారు. మదార్ సాహెబ్ కేసు చూసే మనిషి ఈయన కేసు చూడకూడదట, సింధూరి గారే వేరే లాయర్ని చూపించారు. ఈయన నేరం ఒప్పుకున్నాడు కాబట్టి తేలిగ్గా పోదని ఆ లాయరు ముందే చెప్పాడు.

మొన్న మంగళవారం మదార్ సాహెబ్‌కి బెయిలు వచ్చింది. చంకల్లో కర్రలు పెట్టుకుని మా వీధిలోంచే నడిచి వెళ్లాడు. మా ఇంటి ముందు ఆగాడు. లోపలికి రాలేదు, ముందుకీ పోలేదు. నేను తలుపు తీసి నిలబడ్డాను. ఆయన కర్రలు సర్దుకుని, మెల్లగా వెనక వీధి వైపు తిరిగాడు.

షెడ్డు ఓనరు ఊళ్లో లేడంటున్నారు. సాయిగణేష్ ఉన్నాడు. నిన్న ఉదయం నుంచి మా వీధి చివర తెల్ల సుమో ఒకటి ఆగి ఉంది. డ్రైవరు మారుతున్నాడు, బండి మారడం లేదు. షహనాజ్‌ని బందరులో అమ్మ దగ్గరికి పంపేశాను. నేను వెళ్లను. సోమవారం వాయిదా ఉంది, ఫొటోలు డిస్కులోంచి తీసింది నేనని చెప్పాలి. నా తర్వాత నిన్నూ పిలుస్తారట. ఆఫీసులో చెప్పి రా. ఒంటరిగా రాకు, బస్సులో రాకు, రైల్లో రా. నీ అడ్రసు వాళ్ల దగ్గర ఉందని మరిచిపోకు.

ఈ ఉత్తరం అమలమ్మగారు కూరల సంచిలో పెట్టుకుని వెళ్లి పోస్టు డబ్బాలో వేస్తారు.

లాయరు ఆఫీసుకి వెళ్లే రోజు పొద్దున మీ బావ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, కంప్యూటర్ ఆన్ చేశాడు. “దీన్ని ఆపకు. తెర వెలుగుతుంటే బయటివాళ్లకి ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుంది,” అన్నాడు. పది రోజులైంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ వేస్తున్నాను. ఇప్పుడూ కిటికీ పక్కన వెలుగుతూనే ఉంది. సుమోలో మనిషి దిగి ఇటే చూస్తున్నాడు.

అక్క అఫ్సానా